గాలి అటు

జనవరి 2

గాలి అటు. పదిన్నరకి తమ్ముడు మసి ఊదాడు. దుప్పట్లు తీసే పని పడలేదు.

కొత్త పుస్తకం. పాతవి పది, బట్టల పెట్టె అడుగున ఉన్నాయి. ప్రతి ఏడూ మొదటి పేజీలో రాసుకునేదే మళ్ళీ రాస్తున్నాను. దేవుడా, ఆసుపత్రి దుప్పట్లు తెల్లగా ఉంచు. తమ్ముడి ఉద్యోగం చల్లగా ఉంచు. గాలిని అటు తిప్పు.

అడిగేవి మూడే. పదేళ్ళుగా మూడూ ఇస్తున్నాడు.

జనవరి 5

గాలి ఇటు. తొమ్మిదీ ఇరవైకి రెండు మిస్డ్ కాల్స్. ఎనభై దుప్పట్లు పావుగంటలో లోపలికి తెచ్చాం. పదింటికి ఒక మిస్డ్ కాల్. మళ్ళీ ఆరేశాం.

మరదలి చెల్లెలు చుట్టపుచూపుగా వచ్చి ఉంది. మా పరుగులు చూసి బెదిరిపోయింది. "ఏమైందక్కా, వానా?" అంటుంది, టీ గ్లాసు చేత్తో అలాగే పట్టుకుని.

"వాన కాదే, మీ బావ," అంది మరదలు. "బాయిలర్ దగ్గర డ్యూటీ కదా. రోజుకోసారి గొట్టాల్లో పేరుకున్న మసి ఊదెయ్యాలి. ఊదితే ఆ పొగగొట్టంలోంచి కాటుక ముద్దలు ముద్దలుగా లేస్తుంది. గాలి అటు ఉంటే సరే. మనవైపు ఉంటే తిరిగేదాకా ఆగుతాడు. ఇంక ఆగలేకపోతే రెండు మిస్డ్ కాల్స్. అయిపోయాక ఒకటి."

"ఫోనెత్తి మాట్లాడొచ్చుగా?"

"ఓసారి మా వదిన ఎత్తింది. 'ఎందుకెత్తావక్కా, డబ్బులు పోవూ' అని కేకలేశాడు. పెళ్ళయిన కొత్తలో నాకైనా ఇన్నిసార్లు ఫోన్ చేశాడేమో అడుగు."

నవ్వేసరికి పళ్ళ మధ్య పెట్టుకున్న క్లిప్పు జారి సబ్బునీళ్ళలో పడింది.

జనవరి 9

గాలి అటు. పదకొండు.

పెద్ద నర్సు ఎప్పటిలాగే తన తెల్ల రుమాలు తీసి, మోపులో పై దుప్పటి మీద రుద్ది చూసింది. రుమాలు తెల్లగానే ఉంది. "ఫ్యాక్టరీ గోడ పక్కనే ఉండి ఇంత తెలుపు ఎలా వస్తుందమ్మా?" అంది. నేను పైకి చూశాను. ఆమె కూడా చూసింది. ఆమెకు ఫ్యాను కనిపించి ఉంటుంది.

జనవరి 12

గాలి అటు. పదీ నలభై.

మధ్యాహ్నం పని లేదు. గుమ్మంలో కూర్చుని దండేలు చూసుకున్నాను. ఎనిమిది వరసలు. ఎండ పడితే కళ్ళు చెదురుతాయి. మా అమ్మ రోజంతా బండ మీద బాది ఇరవై ఉతికేది. సాయంత్రానికి ఆమె వేళ్ళు ముడుచుకునేవి కావు.

ఈ అట్టపెట్టెల ఫ్యాక్టరీ రాకముందు ఇక్కడ ఏముంది? కరెంటు పూటకి రెండు గంటలు. ఫ్యాక్టరీ వచ్చింది, రోడ్డు వచ్చింది, లాడ్జి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. అవి వచ్చాయి కనుక మాకు దుప్పట్లు వచ్చాయి. ఉతికే మిషను వచ్చింది. మేనకోడలు చదువుకుంది. ఆ పొగగొట్టాన్ని చూస్తే నాకు దణ్ణం పెట్టబుద్ధవుతుంది. ఎవరైనా చూస్తే నవ్వుతారని పెట్టను.

జనవరి 13

గాలి అటు. దేవుడి దయ.

జనవరి 18

గాలి అటు. పదకొండున్నర.

ఫ్యాక్టరీ మేనేజరు స్వయంగా వచ్చాడు. ఇతని చొక్కాలు ఏడేళ్ళుగా మరదలే ఇస్త్రీ చేస్తుంది. ఎక్కడ కూర్చున్నా వీపు ఆనించడు, మడత పడుతుందని. అందుకే మా ఇంట్లో అతని పేరు ఇస్త్రీచొక్కా.

రెండో బాయిలర్, రెండో పొగగొట్టం పెడుతున్నారట. రెండువందల మందికి పని. తమ్ముణ్ణి దానికి ఫోర్‌మన్‌ని చేస్తారట. కాకపోతే ఫ్యాక్టరీకి అటువైపు కొందరు మసి పడుతోందని అర్జీ పెట్టారట. కాలుష్యం ఆఫీసు వాళ్ళు మార్చిలో చూడటానికి వస్తారట.

"అక్కగారూ, మీ దుప్పట్ల కంటే సాక్ష్యం ఏముంది?" అన్నాడు. "గోడకి యాభై అడుగుల్లో ఇంత తెలుపు. మసే పడితే ఇలా ఉంటాయా చెప్పండి?"

దండేల మధ్య నన్ను నిలబెట్టి ఫోటో తీశాడు. కరపత్రంలో వేస్తారట. కింద రాయడానికి ఒక మాట చెప్పమన్నాడు.

"నా దుప్పట్లు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి" అన్నాను.

అబద్ధం కాదు.

జనవరి 22

గాలి ఇటు, తరువాత అటు. తమ్ముడు గంటన్నర ఆగి ఊదాడు.

మేనకోడలు డిసెంబరు నుంచి అటువైపు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతోంది. నాలుగింటికి వస్తుంది. రాగానే తలస్నానం. చేతిరుమాలు తనే ఉతుక్కుని, తన గదిలో కుర్చీ వెనక ఆరేసుకుంటోంది. ఉతికే ఇంట్లో పుట్టిన పిల్ల! అడగలేదు. ఆ వయసులో పిల్లలకి ఏవో ఉంటాయి.

జనవరి 30

గాలి అటు. పదీ పావు.

కరపత్రం వచ్చింది. ఫోటోలో నేను బాగానే ఉన్నాను. దుప్పట్లు ఇంకా బాగున్నాయి. తమ్ముడు తీసుకెళ్ళి బాయిలర్ గదిలో అంటించుకున్నాడట. మరదలు, "నా ఫోటో ఒక్కటైనా జేబులో పెట్టుకున్నాడా ఈ మనిషి!" అంది.

మేనకోడలు చాలాసేపు చూసింది. మడిచి నాకే ఇచ్చేసింది.

"బాగా లేదుటే?"

"బాగుందత్తా. తెల్లగా ఉంది."

ఫిబ్రవరి 3

గాలి అటు. పదకొండు.

మేనకోడలు పాత దుప్పట్లు అడిగింది, బడి కిటికీలకి. ఆసుపత్రి వాళ్ళు చిరిగాయని వదిలేసినవి ఆరు ఉంటే అతుకులేసి, నీలిమందు పెట్టి ఇచ్చాను. ఎండ కోసం అయి ఉంటుంది.

అటువైపు అంత ఎండ ఉంటుందా? నేను వెళ్ళి నాలుగేళ్ళు దాటింది. ఒకప్పుడు అంతా ఖాళీ స్థలాలే. ఇప్పుడు కొన్ని ఇళ్ళు లేచాయంటారు.

ఫిబ్రవరి 4 నుంచి 16 దాకా

ఎక్కువ రోజులు అటే. రెండుసార్లే ఇటు. ఏ రోజుకారోజు గాలీ వేళా పక్కన వేశాను. ఇంత మంచి పదమూడు రోజులు ఈ మధ్య లేవు. దేవుడా, నీ దయ.

ఫిబ్రవరి 17

గాలి అటు.

ఆరు దుప్పట్లూ ఉతకడానికి తిరిగొచ్చాయి. మేనకోడలు గోనెసంచిలో పెట్టి తెచ్చింది, రిక్షా అతను సీటు పాడవుతుందన్నాడట. మూతి విప్పి చూసి, ముందు నా దుప్పట్లు కావనుకున్నాను. అతుకు చూశాక, నా కుట్టే.

బూడిద రంగు కాదు. నలుపు. పట్టుకుంటే వేలికి జిడ్డుగా అంటింది.

ఒకటి నానబెట్టాను. సోడా వేశాను. జాడించిన కొద్దీ నీళ్ళు నల్లగానే వస్తున్నాయి. ఏడో నీళ్ళకి ఆపేశాను. మిగతా అయిదు తడపలేదు.

ఫిబ్రవరి 18

గాలి అటు.

ఉదయం ప్రార్థనలో మూడోది అడగబోయి ఆగాను. ఆ తరువాత అడిగాను. అలవాటు.

భోజనాలయ్యాక ఫిబ్రవరి పేజీలు చదివాను. నాలుగు, అటు. అయిదు, అటు. ఆరు, అటు, దేవుడి దయ. ఏడు, అటు.

నేను దేవుడి దయ అని రాసుకున్న రోజులన్నీ ఆ దుప్పట్ల మీద ఉన్నాయి.

ఫిబ్రవరి 20

గాలి అటు. పదీ నలభై.

ఆ వేళ రోజూలా తమ్ముడు వచ్చి చెప్పింది కాదు. అక్కడ నిలబడి చూశాను.

మేనకోడలు టిఫిన్ డబ్బా మరిచిపోయింది. ఇవ్వడానికని వెళ్ళాను. (మరిచిపోయింది నిజమే. ఎవరి చేతనైనా పంపవచ్చు.)

కొన్ని ఇళ్ళు కాదు. నాలుగు వీధులు. కిరాణా కొట్టు, టైలరు, ఫోన్లు బాగుచేసే కొట్టు. అన్నీ ఫ్యాక్టరీ పని చేసేవాళ్ళ ఇళ్ళే, చాలా వాటికి రంగులు కూడా వేశారు. ఒక్క ఇంటి ముందూ తెల్లబట్ట ఆరేసి లేదు. అందరి బట్టలూ ముదురు రంగులే. ఈ వాడకి ఇవే ఇష్టం కాబోలు అని ఒక్క క్షణం అనుకున్నాను. మనసు ఎన్ని దారులు వెతుక్కుంటుందో.

బడి ఒకటే గది. ముప్ఫై మంది. ఏదో లెక్క చెబుతూ మేనకోడలు కిటికీలోంచి గొట్టం వైపు చూసి, గొంతు మార్చి, "నల్లపిల్లి వచ్చే!" అంది. పిల్లలు ఒక్కసారిగా గ్లాసుల మీద అరచేతులు మూసి, తలలు బల్లల మీద పెట్టుకున్నారు. కిలకిల నవ్వులు. వాళ్ళకిది ఆట. నేను గుమ్మంలో టిఫిన్ డబ్బాతో నిలబడిపోయాను.

పక్కనున్న చిన్నది, అయిదేళ్ళుంటాయేమో, ఒక కన్ను తెరిచి చూసింది. "అమ్మమ్మా, నీకు గ్లాసు లేదా? అయితే ముక్కు మూసుకో" అంది. నేను కదలకపోతే లేచి వచ్చి, తన అరచెయ్యి డబ్బా మూత మీద పెట్టింది.

మసి చప్పుడు లేకుండా పడుతుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ దాని కింద నిలబడలేదు, అందుకని నాకు తెలియదు. ఆ పిల్ల చేతి మీద చుక్కలు చుక్కలుగా వాలింది.

ఈ ఉదయం నేను అడిగింది ఇక్కడికి వచ్చింది.

ఫిబ్రవరి 21

రాయలేను.

ఫిబ్రవరి 22

గాలి ఇటు. మిస్డ్ కాల్స్ వచ్చాయి. దుప్పట్లు తీశాను. చేతులు వాటంతటవే తీశాయి.

సాయంత్రం తమ్ముడు వచ్చాక పెరట్లో కూర్చోబెట్టి, తడపని దుప్పటి ఒకటి వాడి ఒళ్ళో పెట్టాను. చాలాసేపు దాని అంచు వేళ్ళతో నలుపుతూ ఉన్నాడు. బాయిలర్ మనిషి, మసి ఎవరిదో వాడికి చెప్పక్కర్లేదు.

"నీకోసమే కదక్కా ఆగేవాణ్ణి" అన్నాడు.

"నేను ఆగమన్నానా?"

"అనలేదు. నాన్న పోయాక నా ఫీజు కోసం నువ్వు ఉతకడం మొదలుపెట్టావు. నేను చెయ్యగలిగింది ఇదొక్కటే."

నేను ఆగమనలేదు. అది నిజం. దేవుణ్ణి అడిగాను. దేవుడి పని వీడు చేస్తున్నాడని నాకు తెలుసు. అదీ నిజం.

అసలు పొగ అలా రాకూడదట. గొట్టం దగ్గర ఒక గది ఉంటుంది, దాని నిండా మనిషి కంటే పొడుగైన సంచులు వేలాడుతుంటాయట. పొగంతా వాటిలోంచి వడకట్టుకుని పోవాలి. సంచులు చిరిగిపోయి రెండేళ్ళయింది. అంతకుముందూ అంతంత మాత్రమే. కొత్తవి తెప్పించలేదు, పొగని పక్కదారిన పంపేస్తున్నారు.

"బట్ట సంచులా?"

"బట్టే."

"ఉతుకుతారా?"

"దులుపుతారు."

"అంటే దుప్పట్లే" అన్నాను. "బడి కిటికీలకి మనం కట్టినవి మీ గదిలో ఉండాల్సినవి."

వాడు నవ్వబోయి ఆగిపోయాడు.

"ఇంక గాలి కోసం ఆగకు. ఇదివరకు పద్ధతి ప్రకారం ఎన్నింటికి ఊదాలి?"

"పదింటికి."

"పదింటికే ఊదు. ఎటు ఉంటే అటు. ఫోన్ చెయ్యకు."

"అక్కా, ఆసుపత్రి పని పోతుంది."

"నాకు తెలుసు."

మరదలు వంటింటి గుమ్మంలోంచి అంతా వింది. "నెల రోజుల్లో ఫోర్‌మన్ అవ్వాల్సిన మనిషికి అక్క చెప్పే మాటలా ఇవి?" అంది. గిన్నెలు కాస్త గట్టిగా సర్దింది. అన్నం మాత్రం నాకే ముందు వడ్డించింది.

ఫిబ్రవరి 23

ప్రార్థనలో రెండే అడిగాను. మూడో దాని చోటు బోసిగా ఉంది, పన్ను ఊడినట్టు.

పదింటికి ఊదాడు. గాలి అటే. నా దుప్పట్లకి ఏమీ కాలేదు. సిగ్గేసింది.

ఫిబ్రవరి 26

గాలి ఇటు. పది.

ఫోన్ మోగలేదు. నేనూ మరదలూ గుమ్మంలో నిలబడి చూశాం. మరదలి కాళ్ళు ఊరుకోవడం లేదు. "సగమైనా తీసుకొస్తా వదినా, సగం" అంటుంది. చెయ్యి పట్టుకున్నాను.

నలభై పోయాయి. మళ్ళీ ఉతికాం. లోపల తాళ్ళు కట్టి, ఫ్యాన్ల కింద ఆరేశాం. ఇల్లంతా తడి గోడలు. పడుకుంటే మొహం మీద దుప్పటి మూల తగులుతుంది.

మార్చి 1

గాలి ఇటు. పది. ముప్ఫై.

మార్చి 4

గాలి ఇటు.

పెద్ద నర్సు రుమాలు తీసి రుద్దింది. రుమాలు నా ముందు పెట్టింది. మోపంతా వెనక్కి పంపింది. పదేళ్ళలో మొదటిసారి. నెలాఖరు దాకా చూస్తానంది.

లాడ్జి వాళ్ళు అంతదాకా చూడలేదు. వేరేచోట ఇచ్చుకున్నారు.

ఆశ్చర్యం, నిద్ర బాగా పట్టింది.

మార్చి 8

గాలి అటు.

అర్జీ మీద పద్నాలుగు సంతకాలే ఉన్నాయట. ఈ రోజు చెప్పింది మేనకోడలు. అందులో మొదటిది తనదే. పిల్లల నాన్నలంతా ఫ్యాక్టరీలోనే పని. "మీరు చెప్పేది నిజమే టీచరమ్మా, కానీ మాకు రెండో గొట్టం కూడా కావాలి" అన్నాడట ఒకాయన. ఆయన కూతురే నాకు డబ్బా మూసింది.

ఆయనది తప్పని నేననలేను. పదేళ్ళుగా ఆ గొట్టం వల్ల అన్నం తిన్నదాన్ని.

"నాన్న సంతకం కూడా అడుగుదామనుకున్నానత్తా. ఫోర్‌మన్ సంగతి విన్నాక నోరు రాలేదు. అందుకే రుమాలు కూడా ఇంటి బట్టల్లో వేసేదాన్ని కాదు. నీ కంట పడితే నాన్నతో అంటావని."

"నా కంట పడింది" అన్నాను. "నేనే చూడలేదు."

మార్చి 15

వచ్చారు. అంతా రాస్తాను.

కాలుష్యం ఆఫీసు ఆవిడ నా ఈడుది. కాళ్ళకి కాన్వాసు బూట్లు, భుజానికి గుడ్డసంచి. వెనకాల ఒకతను ఏదో పెట్టె మోస్తున్నాడు. మేనేజరు చేతిలో కరపత్రం. బాయిలర్ చూపించడానికి పక్కన తమ్ముడు. ఈ రోజు పొద్దున ఊదవద్దని మేనేజరు చెప్పాడట. గొట్టంలోంచి పొగ అగరొత్తిలా సన్నగా వస్తోంది.

అంతా చూశాక, చివరికి మా పెరట్లోకి తీసుకొచ్చాడు, "ఇదిగో మేడమ్, మీరే చూడండి" అంటూ. చెయ్యి అలా చాపినవాడు చాపినట్టే ఉండిపోయాడు.

పై నాలుగు దండేల మీద ఆసుపత్రి దుప్పట్లు. కింద నాలుగింటి మీద నిన్న గాలి ఇటు ఉన్నప్పుడు పాడైనవి. చివరన బడివి అయిదు, ఉతకనివి. ఏదీ దాచలేదు, ఏదీ ఎదురుగా తేలేదు. ఎప్పుడూ ఆరేసే చోటే.

"ఇదేమిటి అక్కగారూ?" అన్నాడు మేనేజరు.

"అవి ఈ రోజువి. ఇవి నిన్నటివి. అవి బడివి" అన్నాను. "సబ్బు ఒకటే."

ఆవిడ కరపత్రం చూసింది, దండేలు చూసింది, నన్ను చూసింది. "మరి ఈ ఫోటో నాటిదాకా ఇన్నేళ్ళూ తెల్లగా ఎలా ఉంచారమ్మా?"

నాకు అబద్ధం రాదు. నిజం చెబితే ఎవరి మీద పడుతుందో తెలుసు. తలవంచుకుని నిలబడ్డాను. దేవుడా, దేవుడా అనుకున్నాను, అంతకంటే మాట దొరకలేదు. తడి దుప్పటి ఒకటి టపటపా కొట్టుకుంటోంది.

"నేను మిస్డ్ కాల్ ఇచ్చేవాణ్ణి మేడమ్," అన్నాడు తమ్ముడు. "గాలి మా అక్కవైపు ఉంటే ఆగి, అటు తిరిగాక ఊదేవాణ్ణి. సంచుల గది రెండేళ్ళుగా ఆపేసి ఉంది. ఇందాక మీకు తాళం వేసి ఉందని చెప్పిన గది అదే."

మేనేజరు కుర్చీలో కూర్చున్నాడు. వీపు ఆనించాడు.

ఆవిడ కేకలెయ్యలేదు. ఏదో రాసుకుంది. "ఊదిన వేళలు ఫ్యాక్టరీ పుస్తకంలో రోజూ పదింటికనే ఉన్నాయి. అసలు వేళలు, గాలి ఎటున్నదీ ఎవరైనా రాసిపెట్టారా?" అంది.

మరదలు నావైపు చూసింది. తమ్ముడు చూశాడు. ప్రతి సాయంత్రం నేను ఏదో రాసుకుంటానని వాళ్ళకి తెలుసు. ఏం రాస్తానో ఎప్పుడూ అడగలేదు.

"ఉన్నాయి" అన్నాను. "కానీ పుస్తకాలు ఇవ్వను."

ఆవిడ మొదటిసారి నవ్వింది. "పుస్తకాలు వద్దులెండి. గాలి మాత్రం ఇవ్వండి."

మార్చి 16 నుంచి 21

ఎత్తి రాస్తున్నాను. పదకొండు పుస్తకాలు. ప్రార్థనలు వదిలేసి గాలి, వేళ మాత్రం. మేనకోడలు పక్కన కూర్చుని తెల్లకాగితాలు అందిస్తోంది. తొంగి చూడదు.

"దేవుడి దయ" అని ఎన్ని రోజులకి రాసుకున్నానో లెక్కపెట్టలేదు. ఒక్కొక్కటీ వదిలేసి పక్క గీతకి వెళ్ళాను. వెళ్ళేటప్పుడు మాత్రం ఆ పిల్ల అరచెయ్యి గుర్తొచ్చింది, ప్రతిసారీ.

మార్చి 23

కాగితాలు ఇచ్చి వచ్చాను. ఆవిడ టీ ఇప్పించింది. వాళ్ళ ఆఫీసు కిటికీ అద్దం మురికిగా ఉంది. చెప్పబోయి ఊరుకున్నాను.

మార్చి 31

పెద్ద నర్సు వచ్చి ఇల్లంతా చూసింది. తాళ్ళ కింద వంగి, వంటింట్లో దిండు గలీబులు తప్పించుకుంటూ నడిచింది. "మరిక్కడ మనుషులు ఎక్కడుంటారమ్మా?" అంది. మరదలు, "మడత పెట్టాక మేమూ కనిపిస్తాం, కాసేపు ఆగండి" అంది.

రుమాలు తీసింది. తెల్లగా ఉంది. జూన్ దాకా చూస్తానంది.

ఏప్రిల్ 19

ఉత్తర్వు వచ్చింది. మొదటి గొట్టానికి సంచులు పెట్టి, ఆరు వారాలు నడిపి చూపించాకే రెండోదానికి అనుమతి. రెండోదానికి సంచులు మొదటి రోజు నుంచే ఉండాలి. రెండువందల ఉద్యోగాలు పోలేదు, ఆగాయి. అటువైపు కొందరు మేనకోడలితో మాట్లాడటం మానేశారట. కొందరు మొదలుపెట్టారట.

తమ్ముడు ఫోర్‌మన్ కాలేదు. "నోటిదురద ఉన్నవాడికి పెద్ద పని ఎలా ఇస్తాం?" అన్నాడట మేనేజరు. ఉద్యోగం తీసెయ్యలేదు. ఆ బాయిలర్ తీరు తెలిసినవాడు వేరే దొరకడు.

వాడి జీతం పెరుగుతుందని మరదలు గోడకి రంగు కూడా ఎంచి పెట్టుకుంది. రంగుల కార్డు తీసి మేనకోడలికి ఇచ్చింది, బడిలో పిల్లలకి రంగుల పేర్లు నేర్పమని. వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను చూసి, ఆమె తల మీద చెయ్యి వేశాను. "పోనీలే వదినా, గోడకేం, తడి ఆరితే చాలు" అంది.

ఏప్రిల్ 20

గాలి ఇటు. పది. పాతిక పాడయ్యాయి.

మనసు మాత్రం తేలిగ్గా ఉంది. ఉతికాను.

మే 6

సంచులు లారీలో వచ్చాయి. తమ్ముడు ఒక ముక్క తెచ్చి చూపించాడు. ఎండకి ఎత్తి చూశాను, గట్టి నేత. బాగుంది. కుట్టు మాత్రం ఇంకాస్త దగ్గరగా ఉండాలి. చెప్పాను. రేపు చెబుతానన్నాడు.

సంచుల గది చూసుకునే పని వాడికే ఇచ్చారు. ఎవరికీ ఇష్టం లేని పనట. మరదలు విని, "అక్కకి దుప్పట్లు, తమ్ముడికి సంచులు. నేనొక్కదాన్నే ఈ ఇంట్లో పొడిగా ఉన్నాను" అంది.

మే 18

ఈ రోజు నుంచి సంచుల్లోంచి పోతోంది పొగ. ఇస్త్రీచొక్కా తన చొక్కాలు మనిషి చేత పంపాడు. రెండు నెలలుగా పంపలేదు. మరదలు కాలర్లకి గంజి కాస్త ఎక్కువే పెట్టింది. కోపమో, మర్యాదో అడగలేదు.

మే 29

పదింటికి ఫోన్ మోగింది. రెండు మిస్డ్ కాల్స్. మూడు నెలలకి. నేనూ మరదలూ ఇద్దరం ఒక్కసారే లేచి దండేల దగ్గరికి పరిగెత్తాం. మరదలు అప్పటికే నాలుగు భుజాన వేసుకుంది.

మళ్ళీ మోగింది. ఆగకుండా మోగుతోంది. ఎత్తాను.

"ఎత్తావా! ఇందాక రెండుసార్లూ కట్ అయిందక్కా. తియ్యకండి, తియ్యకండి! ఊదేశాను. అయిదు నిమిషాలైంది. పైకి చూడు."

చూశాం. గొట్టం మీద బూడిద రంగు సన్నటి తెర లేచి విడిపోతోంది, అంతే. మరదలు భుజం మీది దుప్పటి మీద వేలితో గీసి, ఎండకి పెట్టి చూసింది. చాలా సన్నటి గీత. ఉందంటే ఉంది. పూర్తిగా పోలేదు.

"డబ్బులు పోతున్నాయి, పెట్టెయ్యమను" అంది. ఫోన్ తనే లాక్కుని వాడితో చాలాసేపు మాట్లాడింది. నవ్వింది కూడా.

సాయంత్రం నానబెట్టిన బట్టల తొట్టిలో చెయ్యి పెడితే మేనకోడలి చేతిరుమాలు తగిలింది. అందరి బట్టలతో పాటే వేసింది. జాడిస్తే రెండో నీళ్ళకే తేటపడింది.

ప్రార్థన చేసుకున్నాను. అడగడానికి ఏమీ తోచలేదు. ఊరికే కాసేపు కూర్చున్నాను.

ఈ రోజు గాలి ఎటు వీచిందో చూసుకోలేదు.